ఒకరు ఎత్తుకుంటే... అందరూ అందుకునే పాట

పాట ఎంతసేపు సాగుతుందో, ఎటు తిరుగుతుందో మొదలుపెట్టినవాళ్లకీ తెలియదు. అయినా వందల గొంతులు కలిసి నడుస్తాయి, కలిసి ఆగుతాయి. చర్చి ఆరాధనలో అప్పటికప్పుడు అందరూ కలిసి అల్లుకునే ఈ సంగీతానికి పెద్ద చరిత్రే ఉంది. దాన్ని ఆపాలని చూసినవాళ్లూ ఉన్నారు. ప్రాణంలా కాపాడుకున్నవాళ్లూ ఉన్నారు.

1972 జనవరి 13, గురువారం రాత్రి. లాస్ ఏంజెలెస్ నగరంలోని వాట్స్ ప్రాంతం. న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చి ఒకప్పుడు సినిమా హాలు. ఆ రాత్రి అక్కడ మళ్లీ సినిమా లైట్లు వెలిగాయి. పాప్ సంగీతంలో వరసగా విజయాలు అందుకుంటున్న 29 ఏళ్ల అరీతా ఫ్రాంక్లిన్, చిన్నప్పుడు తండ్రి చర్చిలో పాడిన పాటల్ని మళ్లీ పాడటానికి వచ్చారు. స్టూడియోలో అద్దాల గదిలో కాదు, విశ్వాసుల మధ్యే రికార్డు చేయాలనుకున్నారు. పియానో దగ్గర రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్, వెనక సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కొయిర్, ఎదురుగా కుర్చీల నిండా జనం.

ఆ కార్యక్రమం రెండు రాత్రులు సాగింది. అందులో పాడిన ‘అమేజింగ్ గ్రేస్’ మామూలుగా పాడితే మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. అరీతా పది నిమిషాలకు పైగా పాడారు. ఒక్కో మాటను సాగదీశారు, విరిచారు, మళ్లీ అతికారు. ఆమె ఊపిరి తీసుకున్న ప్రతి చోటా జనం ఆ ఖాళీని నింపారు. వాళ్ల కేకలు, చప్పట్లు, ‘ఊఁ, పాడు’ అనే ప్రోత్సాహం అన్నీ పాటలో భాగమైపోయాయి. కొయిర్‌లో కొందరు కూర్చోలేక లేచి నిలబడ్డారు. క్లీవ్‌లాండ్ ముఖం దాచుకుని ఏడ్చేశారు. అదే పేరుతో ఆ ఏడాది వచ్చిన జంట రికార్డు అమెరికాలో 20 లక్షలకు పైగా అమ్ముడైంది. అరీతా ఆల్బమ్‌లలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది అదే. ఆ రెండు రాత్రుల్లో చిత్రీకరించి, దృశ్యానికీ శబ్దానికీ జత కుదరక మూలన పడిన సినిమా మాత్రం 2018లో, ఆమె కన్నుమూసిన కొన్ని నెలలకు గానీ బయటికి రాలేదు.

ఆ రాత్రి వినిపించిన రూపంలో ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. మాటలు రాసింది జాన్ న్యూటన్ అనే ఇంగ్లండు పాస్టరు, ఓల్నీ అనే ఊళ్లో 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం. పాస్టరు కాకముందు ఆయన ఆఫ్రికా నుంచి బానిసల్ని తరలించే ఓడలకు కెప్టెన్. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ బానిసల సంతతి ఆ మాటల్ని తీసుకుని, తమ ఊపిరితో, తమ నడకతో, తమ పాటగా మార్చుకుంది.

ఇలాంటి గానాన్ని చూసి ‘ఆవేశం’ అని పక్కన పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. అది పెద్ద పొరపాటు. అవధాని సభలో అడిగిన వెంటనే పద్యం చెప్పగలుగుతున్నాడంటే ఛందస్సూ వేలాది పద్యాలూ నాలుక మీద ఉండబట్టే. చర్చిలో ఆశువుగా సాగే పాట వెనక కూడా అంతటి ధారణ, అంతటి సాధన ఉన్నాయి. పైగా ఇక్కడ ఆ సాధన ఒక్కరిది కాదు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ నుంచి వెనక బెంచీలో చప్పట్లు కొట్టే పిల్లాడి దాకా అందరిదీ.

పుస్తకం కన్నా ముందే

ఈ అలవాటు నిన్నా మొన్నా పుట్టింది కాదు. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో పౌలు, మీరు కూడుకున్నప్పుడు ఒకరు కీర్తనతో వస్తారు, ఒకరు బోధతో వస్తారు అని ప్రస్తావిస్తాడు. అంతా క్రమంగా జరగాలని కూడా అక్కడే హెచ్చరిస్తాడు. క్రీస్తు శకం 2వ శతాబ్దం చివర్లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరంలో టెర్టూలియన్ తన సంఘం భోజన కూటాన్ని వర్ణించాడు. చేతులు కడుక్కుని, దీపాలు వెలిగించాక ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి పాడమనేవారట. లేఖనాల్లోంచి పాడినా సరే, సొంతంగా కట్టి పాడినా సరే.

తర్వాతి శతాబ్దాల్లో గానం మెల్లగా శిక్షణ పొందిన గాయకుల చేతుల్లోకి వెళ్లింది. సంస్కరణోద్యమం దాన్ని మళ్లీ జనానికి అప్పగించింది. కానీ అప్పుడో చిక్కు వచ్చి పడింది. దేవుణ్ని అందరూ పాడి స్తుతించాలి, సరే. చదువు రానివాళ్లు ఏం చూసి పాడాలి?

ఒక్కో పాదం అందిస్తూ...

1645లో ఆమోదం పొందిన వెస్ట్‌మినిస్టర్ ఆరాధన నియమావళి దీనికి ఒక దారి చూపింది. సంఘంలో చాలామందికి చదవడం రాకపోతే పాస్టరు గానీ, తగిన మరొకరు గానీ దావీదు కీర్తనను ఒక్కో పాదం చదివి వినిపించాలి, ఆ పాదాన్ని అందరూ పాడాలి. చదువు వచ్చేదాకా చేసుకున్న తాత్కాలిక ఏర్పాటు అది. దాని నుంచే ఒక గొప్ప గాన సంప్రదాయం పుడుతుందని ఆ నియమావళిని రూపొందించిన సభలో ఎవరూ ఊహించి ఉండరు.

స్కాట్లండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో గేలిక్ భాష మాట్లాడే సంఘాల్లో ఆ పద్ధతి ఇప్పటికీ సజీవంగా ఉంది. గేలిక్‌లో మొదటి 50 కీర్తనలు 1659లోనే అచ్చయ్యాయి. ఆరాధనలో వాద్యాలు లేవు. ప్రార్థనకు నిలబడతారు, పాటకు కూర్చుంటారు. ముందు పాడే పెద్ద ఒక పాదాన్ని వేగంగా, గద్యానికీ పాటకూ మధ్య ఉండే పలుకుతో అందిస్తాడు. ఆయన గొంతు ఆగకముందే సంఘం అందుకుంటుంది. వరస అందరిదీ ఒకటే. కానీ ఏ స్వరం దగ్గర ఎంతసేపు నిలవాలి, దాన్ని ఎన్ని మెలికలు తిప్పాలి అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ఒకరు స్వరాన్ని చేరుకునేసరికి ఇంకొకరు దాన్ని దాటిపోతుంటారు. మన సంగీతంలో గమకం ఒక గాయకుడి గొంతులో పలుకుతుంది. అక్కడ వందమంది వంద రకాల గమకాలు ఒకేసారి పలుకుతారు. వింటుంటే గది గోడల మీదుగా అలలు లేచి పడుతున్నట్టే ఉంటుంది.

జర్మనీలో పుట్టి బ్రిటన్‌లో సంగీతం నేర్పిన జోసెఫ్ మైన్జర్ 1844లో రాస్‌షైర్ ప్రాంతపు గేలిక్ కీర్తనల వరసల్ని స్వరలిపిలో రాసి ప్రచురించాడు. ఆ లిపిలో ఒక్కో మూల స్వరం చుట్టూ అల్లుకున్న చిన్న స్వరాల గుంపులు కనిపిస్తాయి. ఒక గొంతు చేసే పనిని మాత్రమే ఆ కాగితం పట్టుకోగలిగింది. ఫ్రీ చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ 2010లో తమ సంఘాల్లో బైబిలు కీర్తనలు కాని ఇతర పాటలకూ వాద్యాలకూ అనుమతి ఇచ్చింది. అయినా గేలిక్ ఆరాధనల్లో ఆ పాత గానాన్ని వదులుకోలేదు.

బోస్టన్‌లో గొడవ

అదే పద్ధతి వలసవాసులతో అమెరికా చేరింది. పుస్తకాలు తక్కువ, స్వరలిపి చదవగలిగేవాళ్లు ఇంకా తక్కువ. రెండు మూడు తరాల్లో న్యూ ఇంగ్లండ్ సంఘాలు కొన్ని వరసల్నే చెవితో నేర్చుకుని, నెమ్మదిగా, ఎవరి అలంకారాలతో వాళ్లు పాడటానికి అలవాటు పడ్డాయి. 1720 ప్రాంతంలో బోస్టన్ చుట్టుపక్కల చదువుకున్న పాస్టర్లకు ఇది భరించలేని గోలగా తోచింది. థామస్ సిమ్స్, థామస్ వాల్టర్ లాంటివాళ్లు స్వరలిపి చూసి ‘పద్ధతిగా’ పాడాలని పుస్తకాలు రాశారు. వాల్టర్ పుస్తకం 1721లో వచ్చింది. సంఘాలు రెండుగా చీలి వాదించుకున్నాయి. సంగీత బడులు వెలిశాయి, వాటి నుంచి కొయిర్లు వచ్చాయి. పట్టణాల్లో సంస్కర్తలే గెలిచారు.

పాత గానం కొండల్లోకీ దక్షిణాదికీ తరలిపోయింది. కెంటకీ ఆగ్నేయ ప్రాంతపు బొగ్గు గనుల ఊళ్లలో ఓల్డ్ రెగ్యులర్ బాప్టిస్టులు ఇప్పటికీ పాదం అందించి, అందుకునే పాడతారు. వాళ్ల గానాన్ని సంగీత శాస్త్రజ్ఞుడు జెఫ్ టాడ్ టిటన్ రికార్డు చేయగా, స్మిత్‌సోనియన్ సంస్థ 1997లో విడుదల చేసింది.

బానిసల గొంతులో

ఆ గానం నల్లజాతి విశ్వాసుల గొంతుల్లో పూర్తిగా కొత్త రూపం తీసుకుంది. 1750ల్లో వర్జీనియాలో ప్రెస్బిటేరియన్ పాస్టరు సామ్యూల్ డేవిస్ బానిసలకు ఇవ్వడానికి ఇంగ్లండు నుంచి ఐజాక్ వాట్స్ కీర్తనల పుస్తకాలు తెప్పించాడు. రాత్రి తన వంటింట్లో గుమిగూడి వాళ్లు పాడే పాటకు మెలకువ వచ్చి, ఆ గానానికి పరవశించిపోయిన సంగతి ఉత్తరాల్లో రాసుకున్నాడు. వాట్స్ 1748లోనే చనిపోయాడు. కానీ నల్లజాతి బాప్టిస్టు సంఘాల్లో పాదం అందించి పాడే కీర్తన ఏదైనా సరే, ఎవరు రాసినా సరే, ఈనాటికీ ‘డాక్టర్ వాట్స్’ అనే అంటారు.

చట్టాలు వాళ్ల చేతుల్లోంచి ఒక్కొక్కటీ లాక్కున్నాయి. 1739లో స్టోనో తిరుగుబాటు జరిగింది. మరుసటి ఏడు సౌత్ కరోలినా డప్పులు, బాకాలు నిషేధించింది, బానిసలకు రాయడం నేర్పితే శిక్ష విధించింది. 1831లో వర్జీనియా నల్లజాతివాళ్లకు చదువు చెప్పే కూటాల్నే నేరం చేసింది. డప్పు పోతే చేతులూ కాళ్లూ తాళమయ్యాయి. పుస్తకం పోతే జ్ఞాపకమే పుస్తకమైంది. యజమానికి వినపడకుండా అడవి పొదల మధ్య రహస్యంగా చేసుకున్న కూటాల్లో ఒకరు పాదం ఎత్తుకునేవారు, మిగతావాళ్లు అప్పటికప్పుడు తమ బాధనో ఆశనో జోడించేవారు.

1867లో వచ్చిన ‘స్లేవ్ సాంగ్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’ ఆ పాటల తొలి పెద్ద సంకలనం. విలియం అలెన్, చార్లెస్ వేర్, లూసీ మెకిమ్ గారిసన్ 136 పాటలు సేకరించారు. తమ స్వరలిపి ఆ పాటకు న్యాయం చేయలేదని వాళ్లే ముందుమాటలో ఒప్పుకున్నారు. ముందు పాడేవాడు చరణం పాడుతుంటే మిగతావాళ్లు ఎక్కడో ఒకచోట అందుకుంటారు, నచ్చనిచోట వదిలేస్తారు, పై స్థాయిలోనో కింది స్థాయిలోనో జత కలుపుతారు, ఏ ఇద్దరూ ఒకేలా పాడరు, అయినా అపశ్రుతి చాలా అరుదు అని విస్తుపోతూ రాశారు.

వలయంగా తిరుగుతూ పాడే ‘రింగ్ షౌట్’ కూడా అప్పటిదే. దానికి గట్టి కట్టుబాట్లు ఉన్నాయి. కాలు మీద కాలు వేయకూడదు, వేస్తే అది నాట్యమవుతుంది. గడియారం ముల్లుకు ఎదురు దిశలో నడవాలి. ఒకరు పాట ఎత్తుకుంటారు, ఒక బృందం జవాబు పాడుతుంది, ఒకరు చీపురు కర్రతో చెక్క నేల మీద తాళం వేస్తారు. ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి బిషప్ డేనియల్ పేన్ చదువుకున్న నల్లజాతి నాయకుడు. ఈ అలవాటు తన ప్రజల్ని నవ్వులపాలు చేస్తుందని భయపడి, ఒక కూటంలో దాన్ని ఆపించబోయాడు. వలయం లేకపోతే పాపులు మారుమనసు పొందరని అక్కడి నాయకుడు జవాబిచ్చాడట. ఆ సంగతిని పేన్ 1888 నాటి ఆత్మకథలో తనే రాశాడు. జార్జియా తీరంలోని మెకింటాష్ కౌంటీలో ఒక సంఘం ఆ వలయాన్ని వదల్లేదు. డిసెంబరు 31 రాత్రి కొత్త సంవత్సరానికి అలాగే స్వాగతం పలుకుతూ వచ్చింది. ఆ సంప్రదాయం నుంచి వచ్చిన ‘మెకింటాష్ కౌంటీ షౌటర్స్’ బృందాన్ని 1993లో అమెరికా ప్రభుత్వం జాతీయ వారసత్వ పురస్కారంతో గౌరవించింది.

జాజ్ సంగీతకారుడు, యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విల్లీ రఫ్ 2005లో లూయిస్ దీవి విశ్వాసుల్ని, కెంటకీ బాప్టిస్టుల్ని, అలబామా నల్లజాతి బాప్టిస్టుల్ని ఒకే చోట కూర్చోబెట్టి పాడించాడు. నల్లజాతి గానానికి గేలిక్ గానమే మూలమన్న ఆయన వాదనతో చాలామంది పండితులు ఏకీభవించలేదు. ఆఫ్రికా నుంచి వచ్చిన పిలుపు-జవాబుల పద్ధతిని, గొంతు విరుపుల్ని తక్కువ చేసి చూడలేమన్నారు. వాదన ఎలా తేలినా, మూడు సంఘాలు ఒకదాని పాట ఒకటి విని తమ బంధువుల్ని గుర్తుపట్టాయి.

అజూసా వీధి నుంచి హామండ్ ఆర్గాన్ దాకా

1906 ఏప్రిల్. లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధి, 312వ నంబరు భవనం. ఒకప్పుడు చర్చి, తర్వాత గుర్రపుశాల. బానిసత్వం నుంచి విముక్తులైన దంపతుల కొడుకు విలియం సీమోర్ అక్కడ కూటాలు మొదలుపెట్టాడు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పక్కపక్కన కూర్చోవడమే వింతైన రోజుల్లో అక్కడ అందరూ కలిసి మోకరించారు. మొదట్లో వాద్యాలు లేవు, పాటల పుస్తకాలు లేవు. ఎవరి హృదయంలో పాట పుడితే వాళ్లు ఎత్తుకునేవారు. ఒక్కోసారి మాటలు కూడా లేకుండా, అన్యభాషల్లో, వేర్వేరు స్వరాలు వాటంతటవే పొందికగా కలిసేవని చూసినవాళ్లు రాశారు. ఆ కూటాలకు కొద్ది రోజుల ముందు ప్రార్థనలో ఉన్న జెన్నీ మూర్ అనే మహిళ అంతకుముందెన్నడూ నేర్చుకోని పియానోను వాయిస్తూ పాడిందని కూడా సాక్ష్యం ఉంది. పెంతెకొస్తు ఉద్యమం ప్రపంచమంతా పాకింది ఈ వీధి నుంచే.

అక్కడికి వెళ్లొచ్చిన చార్లెస్ మేసన్ నాయకత్వంలోని చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ సంఘాలు వాద్యాలకు తలుపులు బార్లా తెరిచాయి. డ్రమ్ములు, గిటార్లు, టాంబురిన్లు ఆరాధనలోకి వచ్చాయి. ఆ సంఘంలోని అంధ గాయని ఆరిజోనా డ్రేన్స్ 1926లోనే రికార్డులు ఇచ్చింది. ఆమె పియానోలో అప్పటి డాన్సు హాళ్ల ఊపూ ఉంది, ప్రార్థనా మందిరపు మంటా ఉంది.

బ్లూస్ పియానో వాయించి పేరు తెచ్చుకున్న థామస్ డోర్సీ షికాగోలో చర్చి సంగీతం వైపు తిరిగాడు. 1932లో ప్రసవంలో భార్య, ఆ వెంటనే బిడ్డ చనిపోయిన దుఃఖంలోంచి ‘ప్రెషస్ లార్డ్’ పాట కట్టాడు. ఆయన అచ్చు వేయించిన స్వరపత్రాల్లో ఉండేది పాట అస్థిపంజరమే. రక్తమాంసాలు పాడేవాళ్లే పోయాలి. మహాలియా జాక్సన్ లాంటి గాయనులు ఆ పనిని శిఖరానికి చేర్చారు. 1939లో అదే షికాగోలో ఫస్ట్ చర్చ్ ఆఫ్ డెలివరెన్స్‌లో కెన్నెత్ మోరిస్ హామండ్ ఎలక్ట్రిక్ ఆర్గాన్ వాయించడం మొదలుపెట్టాడు. గొట్టాల ఆర్గాన్ కొనలేని సంఘాలకు అది వరమైంది. అప్పటి నుంచి నల్లజాతి చర్చికి అది రెండో గొంతు.

ప్రసంగం పాటయ్యే వేళ

ఒక ఆదివారం ఆరాధన ఎలా నడుస్తుందో దగ్గరగా గమనిస్తే ఈ సంగీతంలోని శాస్త్రం అర్థమవుతుంది. ప్రసంగం మామూలు మాటలతో మొదలవుతుంది. పాస్టరు గొంతు వేడెక్కేకొద్దీ వాక్యాలు పొట్టివవుతాయి, చివరి అక్షరాలు సాగుతాయి, మాట ఒక శ్రుతి మీద నిలుస్తుంది. ఆర్గాన్ దగ్గర కూర్చున్న వ్యక్తి అప్పటిదాకా ఊరికే కూర్చోలేదు. ఆ శ్రుతి ఏదో వెతికి పట్టుకున్నాడు. పాస్టరు ఊపిరి తీసుకునే సందులో ఒక చిన్న స్వరగుచ్ఛం. జనం ‘ఆమేన్’ అన్నాక ఇంకొకటి. పాస్టరు శ్రుతి పెంచితే ఆర్గాన్ వెంట వెళ్తుంది. కొన్నిసార్లు ఆర్గానే ముందుకెళ్లి ఆయన్ను పిలుస్తుంది. అరీతా తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లోని న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చిలో ఇలా చేసిన ప్రసంగాలు రికార్డులుగా దేశమంతా అమ్ముడయ్యాయి. అరీతా పదాన్ని సాగదీసే విద్య నేర్చుకున్న బడి అదే.

పాట చివర్లో వచ్చే ‘వ్యాంప్’ మరో ముఖ్య ఘట్టం. రెండు మూడు మాటల ముక్కను కొయిర్ తిప్పి తిప్పి పాడుతుంటుంది. దాని మీద ప్రధాన గాయని అప్పటికప్పుడు తోచిన మాటలు అల్లుతుంది. జబ్బు నయమైన కథో, కొడుకు ఇంటికి తిరిగొచ్చిన కథో అందులోకి వచ్చేస్తుంది. ఎన్నిసార్లు తిప్పాలన్నది ఎక్కడా రాసి ఉండదు. కొయిర్ నడిపించే వ్యక్తి చెయ్యి గాలిలో గుండ్రంగా తిప్పితే మళ్లీ పాడాలి. పైకి చూపితే శ్రుతి ఒక మెట్టు ఎక్కాలి. పిడికిలి బిగిస్తే అందరూ ఒక్కసారిగా ఆగాలి. డ్రమ్మర్ కన్ను ఆ చేతి మీద, బాస్ గిటారు కన్ను డ్రమ్మర్ పాదం మీద, గాయని కన్ను జనం ముఖాల మీద. ఎవరైనా ఏడుస్తూ లేస్తే పాట వాళ్ల కోసం ఆగుతుంది, నెమ్మదిస్తుంది, మళ్లీ లేస్తుంది. ఆ పాట ఎప్పుడు ముగియాలో తేల్చేది చివరికి బెంచీల్లో కూర్చున్న మనుషులే.

గడప దాటిన గానం

ఈ విద్య చర్చి గోడల మధ్యే ఉండిపోలేదు. 1961లో జార్జియాలోని ఆల్బనీ పట్టణంలో పౌరహక్కుల ఊరేగింపు ముగిశాక ఒక చర్చిలో గుమిగూడినవాళ్లు కాలేజీ విద్యార్థిని బెర్నీస్ జాన్సన్‌ను పాడమన్నారు. ఆమె ఒక పాత ఆధ్యాత్మిక గీతం ఎత్తుకుంది. అందులో ‘కష్టం’ అని ఉన్నచోట, పాడుతూ పాడుతూనే, ‘స్వేచ్ఛ’ అని మార్చేసింది. జనం వెంటనే అందుకున్నారు. ఆ పాటను అలా మార్చే హక్కు తనకుందని మొదటిసారి తెలిసింది అప్పుడేనని ఆమె తర్వాత చెప్పారు. పెళ్లయ్యాక బెర్నీస్ జాన్సన్ రీగన్‌గా చరిత్రకారిణి అయ్యారు. 1994లో నల్లజాతి చర్చి సంగీతం మీద ‘వేడ్ ఇన్ ది వాటర్’ పేరుతో 26 భాగాల రేడియో ధారావాహిక రూపొందించారు.

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ రాసి తెచ్చుకున్న ప్రసంగం చదువుతుండగా దగ్గర్లో కూర్చున్న మహాలియా జాక్సన్ ఆ ‘కల’ గురించి చెప్పమని కేకేశారు. ప్రసంగ రచనలో సాయపడిన క్లారెన్స్ జోన్స్ ఆ కేక విన్నారు. కింగ్ కాగితాలు పక్కకు జరిపారు. ప్రపంచం గుర్తుంచుకున్న ఆ భాగం అప్పటికప్పుడు వచ్చిందే. బాప్టిస్టు చర్చిలో పాస్టరుకు బెంచీలోంచి విశ్వాసి ఊతమిచ్చే అలవాటే రెండు లక్షల మందికి పైగా చేరిన ఆ సభలోనూ పనిచేసింది.

తెర మీద మాటలు, చెవిలో తాళం

ఈ కాలపు పెద్ద చర్చిల్లోనూ ఆశుగానానికి గిరాకీ ఉంది. కాలిఫోర్నియాలోని రెడింగ్ పట్టణపు బెతెల్ చర్చి విడుదల చేసే ఆల్బమ్‌లలో కొన్ని ట్రాకుల పేరు పక్కన ‘స్పాంటేనియస్’ అని ప్రత్యేకంగా ఉంటుంది. నాలుగు స్వరగుచ్ఛాలు తిరుగుతూ ఉంటాయి, కీబోర్డు మీద ఒక పొర తెగకుండా మోగుతుంటుంది, గాయని తోచినది పాడుతుంది. నిజమైన ప్రార్థన అందులోనూ ఉంటుంది. చిక్కల్లా తర్వాతే. ఒక రాత్రి ఒక గొంతులో పుట్టిన ఆ మాటల్ని వేరే ఊళ్లో, వేరే చర్చి అక్షరం పొల్లు పోకుండా తెర మీద వేసి పాడిస్తే అది మళ్లీ పుస్తకమే అవుతుంది. వాద్యకారుల చెవిలో యంత్రం తాళం కొడుతూ, ముందే రికార్డు చేసిన ట్రాకు నడుస్తుంటే, బెంచీలో ఒక ముసలాయన పాట ఎత్తుకున్నా ఎవరికీ వినపడదు. అక్కడ జనం పాట వింటున్నారు, పాటకు మాత్రం జనం వినపడటం లేదు.

దీనికి భిన్నమైన దృశ్యం 2023 ఫిబ్రవరి 8న కనిపించింది. కెంటకీలోని విల్మోర్ అనే చిన్న ఊళ్లో అస్‌బరీ విశ్వవిద్యాలయంలో మామూలు బుధవారం ఆరాధన ముగిసింది. గాస్పెల్ కొయిర్ చివరి పాట పాడుతోంది. కొందరు విద్యార్థులు వెళ్లలేదు. పాట ఆగలేదు. ఆ రోజు మొదలైన ఆరాధన రెండు వారాలకు పైగా సాగింది. వేల మంది దూరాల నుంచి వచ్చి చలిలో వరసలు కట్టారు. తెర మీద మాటలు లేవు, మిరుమిట్లు గొలిపే లైట్లు లేవు. పియానో, గిటారు లాంటి కొద్దిపాటి వాద్యాలతో, పేర్లు చెప్పుకోకుండా విద్యార్థులు వంతులవారీగా పాడారు. అందరికీ వచ్చిన పాటలే పాడారు, అందుకే అందరూ పాడగలిగారు.

మన పల్లవి, మన చరణం

తెలుగు సంఘాలకు ఇది పరాయి విద్య కాదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) వందకు పైగా కీర్తనలు రాసి, పాశ్చాత్య వరసల పక్కన మన రాగతాళాలకు చోటిచ్చారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దోర్నకల్ అధ్యక్ష మండలంలో పల్లె పాటల్ని, దేశీ వరసల్ని ప్రోత్సహించారు. అక్షరాలు రాని వేల కుటుంబాలకు బైబిలు కథ మొదట పాటగానే చేరింది. ఒకరు పల్లవి ఎత్తుకోవడం, అందరూ అందుకోవడం, డోలకు మీద నడక పెంచడం, చివరి చరణం తర్వాత పల్లవిని తృప్తి తీరేదాకా తిప్పడం పల్లె చర్చిలో పెరిగిన ఎవరికైనా తెలిసినవే. హైదరాబాద్‌లోని హెబ్రోను కేంద్రంగా భక్తసింగ్ (1903-2000) నడిపిన సహవాసాల్లో ఆదివారం ఆరాధన వేళ సంఘంలో ఎవరైనా లేచి ప్రార్థించడం, పాట ఎత్తుకోవడం అలవాటు.

గృహ కూటాల్లో, ఉపవాస ప్రార్థనల్లో, ఆల్‌నైట్ ప్రేయర్లలో ఆ పాట ఇంకా వినిపిస్తోంది. ముఖ్యంగా స్త్రీల సమాజాల్లో. పుస్తకం తెరవకుండా పాట తర్వాత పాట అందుకుంటూ, సమయానికి తగ్గ చరణాన్ని ముందుకు తెచ్చుకుంటూ, తాళాలూ చప్పట్లతోనే గంటలు గడిపే పెద్దమ్మలు, నాయనమ్మలు అక్కడ ఉన్నారు. వాళ్లలో చాలామంది స్టేజీ ఎక్కరు. కీబోర్డు ట్రాకు వాళ్ల శ్రుతికి దిగిరాదు. కీర్తన అచ్చు పుస్తకంలో భద్రంగా ఉంది గానీ, వాళ్లు దాన్ని ఊరి నడకలో ఎక్కడ ఆపుతారో, ఎక్కడ విరుస్తారో, ఏ మాట చేరుస్తారో ఆ పుస్తకంలో లేదు. ఆ తరం వెళ్లిపోతే దాన్ని తిరిగి తెచ్చుకునే దారి ఉండదు.

కెంటకీ కొండల్లో 1990లలో టిటన్ చేసిన పని, లూయిస్ దీవిలో 2003లో బ్యాక్ గ్రామపు చర్చిలో గేలిక్ కీర్తనల్ని సంఘంతో సహా రికార్డు చేసినవాళ్లు చేసిన పని మన దగ్గరా చేయవచ్చు. దోర్నకల్, మెదక్, ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల పాత సంఘాలతో మొదలుపెట్టవచ్చు. వేదాంత కళాశాలల విద్యార్థులు సెలవుల్లో సొంత ఊరికి వెళ్లినప్పుడు పాట పేరు, ఊరు, పాడినవారి వయసు, ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది రాసుకుని, వాళ్ల అనుమతితో భద్రపరిస్తే చాలు. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, జేబులోని ఫోను సరిపోతుంది. కాకపోతే రెండు ఫోన్లు కావాలి. ఒకటి పాట ఎత్తుకునేవారి ముందు పెట్టాలి, రెండోది అందుకునే జనం మధ్యలో.